అందరి పేరూ డెబోరానే

"ఒక్క పేరు. ఒక్క పేరు రాసియ్యనీకి నీకేం పోతుంది?"

చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు. శాంతిరాజ్ తెల్లచొక్కా గుండీలు విప్పుతూనే మళ్ళీ అందుకున్నాడు. దారి పొడుగునా బండి మీద బిగపట్టుకున్న మాటలన్నీ గడప దాటగానే బయటికొచ్చాయి.

డెబోరా బల్ల వైపు చూసింది. బల్ల మీద తెల్లకాగితం ఉంది. ఎగిరిపోకుండా దాని మీద ఎవరో నీళ్ళ గ్లాసు పెట్టారు. గ్లాసు అడుగున గుండ్రటి తడి మరక పడింది. శుక్రవారం నుంచి ఆ కాగితం మీద పడింది ఆ మరక ఒక్కటే.

"నిన్నే అడుగుతున్న."

"ఇన్న."

"ఇంటే చెప్పు. రేపు పొద్దున బడి గంట కొట్టకముందే ఆ కాయితం ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఉండాలె. ఎవలు రాసిండ్రో పేరు రాయాలె, లేకుంటే నేనే రాసిన అని రాయాలె. నువ్వేమో రెండూ రాయవాయె."

"నేను రాయలే. అందుకే నేనే రాసిన అని రాయ. ఎవలు రాసిండ్రో చూడలే. అందుకే గదీ రాయ."

"వసీం బిడ్డ షబీనా కూసున్నది గదనే ఆ కంప్యూటర్ ముంగట! బడంత చూసింది."

"కూసున్నది చూసిండ్రు. రాసింది ఎవలూ చూడలే."

వంటింట్లో కూరలో గరిటె తిప్పుతున్న అత్త సాయమ్మ అక్కడి నుంచే నవ్వింది. నవ్వు బాగాలేదు.

"లైబ్రరీ టీచరనుకొని చేసుకుంటిమి రా కొడుకా. మనింటికొచ్చింది వకీలు."

"అవ్వా, నువ్వు ఊకో."

"నేను ఊకుంటనే ఉన్న. ముప్పై ఏండ్ల నుంచి ఊకుంటనే ఉన్న. మీ బాపు పేరు దగ్గర ఊకున్న, ఇగ కోడలు పేరు దగ్గర గూడ ఊకుంట."

లోపలి గదికి పరదా వేసి ఉంది. దాని వెనక ఫెబా ఉంది. పదో తరగతి పరీక్షలు వచ్చే నెలలో. పొద్దున తలనొప్పి అని చర్చికి రాలేదు. చదువుతోందో పడుకుందో చప్పుడు లేదు.

ఇంత గొడవకూ కారణం రెండు వాక్యాలు.

'మా లైబ్రరీ గోడ మాట్లాడుతున్నది. దాని నోరు కనపడకుండ చార్టు కొట్టుమన్నరు.'

అంతే. కింద పేరు లేదు. లైబ్రరీ వెనక గోడ కిటికీ మూల నుంచి కిందికి పగిలింది. నల్లరేగడి మీద కట్టిన బడి. వానకు ఉబ్బే నేల, ఎండకు విచ్చుకునే నేల. ఇప్పుడా పగులులో చెయ్యి పడుతుంది. బడి గుర్తింపు మళ్ళీ తెచ్చుకోవాల్సిన సమయం వచ్చి, చూసేందుకు ఆఫీసర్లు వస్తున్నారంటే, ప్రిన్సిపాల్ ఆ పగులు మీద విటమిన్ల చార్టు కొట్టించాడు. వచ్చినవాళ్ళు చార్టు చూసి మెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఆ రెండు వాక్యాలూ గోడ మీద రాసి ఉంటే సున్నం కొడితే పోయేవి. అవి రాసింది 'గని మాటలు' పేజీలో.

ఊరంతా మూతపడ్డ సమ్మె అయిపోయి బళ్ళు తెరిచాక డెబోరా మొదలుపెట్టిన పని అది. పిల్లలు ఇళ్ళల్లో నాయనల దగ్గర, తాతల దగ్గర గని మాటలు అడిగి తెలుసుకోవాలి. లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని ఇంటర్నెట్‌లో ఒకే పేజీలో అందరూ రాయాలి. గోదావరి అవతల మంచిర్యాలలో ఇంకొక బడి. అక్కడి లైబ్రరీలో కూడా అదే పేజీ తెరిచి ఉంటుంది. ఇక్కడి పిల్ల ఒక మాట రాస్తుంటే అక్షరం వెంట అక్షరం అక్కడి తెర మీద పడుతుంది. వాళ్ళు పక్కన 'మా శ్రీరాంపూర్ల దీన్ని వేరే తీరుగ అంటరు' అని చేరుస్తారు. మొదటిరోజు తెర మీద ఎవరో కనపడని చెయ్యి రాస్తున్నట్టు అక్షరాలు వస్తుంటే పిల్లలు బెంచీలెక్కి కేకలు పెట్టారు.

మంచిర్యాల లైబ్రేరియన్ అప్పుడే హెచ్చరించింది. "ఒక్కొక్కరికి ఒక్కో పేరు తెరవండి మేడం. ఆలస్యమైనా సరే. ఎవరు రాసిందీ తెలియాలి."

డెబోరా ప్రయత్నించింది. పేరు తెరవాలంటే ఫోన్ నంబర్ అడిగింది. ఇంటికొక్కటే ఫోన్. అది నాయనతో పాటు డ్యూటీకి పోతుంది. పిల్లలు తొందర పడుతున్నారు. "పోనీ, నా పేరుతోనే అందరూ లోపలికి పోండ్రి. రాసినంక కింద మీ పేర్ల మొదటి అక్షరం పెట్టుండ్రి" అంది. మంచిర్యాల ఆమెకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుంది కూడా. "మా దగ్గర అందరం ఒక్కటే మేడం. గనిలో ఒకరి హాజరు మస్టర్ ఇంకొకరు వేయించే ఊరు మాది."

పిల్లలకు అదొక ఆట అయింది. కంప్యూటర్ ముందు కుర్చీ దొరికిన ప్రతివాడూ వెనక్కి తిరిగి, "ఇప్పుడు నేనే డెబోరా టీచర్. లేచి నిలబడుండ్రి" అనేవాడు. డెబోరా కూడా నవ్వింది.

మంచిర్యాల బడిలో పెద్ద తెర మీద ఆ పేజీ చూపిస్తుండగా ఒక ఆఫీసర్ ఆ రెండు వాక్యాల దగ్గర ఆగాడు. ఏ బడి, ఏ గోడ అని అడిగాడు. ఇక్కడి బడి గుర్తింపు ఫైలు ఆగిపోయింది.

ఎవరు రాశారని చూస్తే ఆ పేజీ బడి గంట కొట్టే ముందరి సమయం చూపించింది. పేరు మాత్రం ఒకటే చెప్పింది. డెబోరా.

"తీసెయ్యరాదు మరి?" శాంతిరాజ్ గొంతు తగ్గించాడు. బతిమాలుతున్నట్టు పక్కన కూర్చున్నాడు. "చౌరస్తాల నెట్ సెంటర్ తెరిచే ఉన్నది. నడు, ఇప్పుడే పోయి తీసేద్దాం."

"తీస్తే పోదు."

"ఎందుకు పోదు? రబ్బరు పెట్టి తుడిచినట్టు తుడువు."

"పాతది గట్లనే దాచుకుంటది అది. ఏ దినం ఏముండె, ఎవలు రాసిండ్రు, ఎవలు తీసిండ్రు, అంత వెనక్కి తిప్పి చూడొచ్చు. పిల్లలకు మొట్టమొదలు చెప్పిన పాఠమే గది. ఒకరి మాట ఇంకొకరు తుడ్వద్దు, నచ్చకుంటే పక్కన రాయుండ్రి, తుడ్చినా దాగదు అని."

"సరే, తీస్తె ఎవలు తీసిండ్రని పడ్తది?"

"డెబోరా అని."

"రాసింది ఎవలని ఉన్నది?"

"డెబోరా అని."

శాంతిరాజ్ ఒక్కసారిగా లేచి కుర్చీని వెనక్కి తోశాడు.

"ఈ ఇంట్ల పేర్లకు ఏం పట్టిందో నాకర్థం కాదు! మా బాపు తోమాసు. గనిల మొగిలి. మొగిలి అనేటోడు గని నోరు చూసి భయపడి ఊరికి ఉరికితే, వాని పేరు మీద మా బాపు దిగిండు. పొద్దుగూకులు దిగిండు. నేను కొడుకు లెక్కన గని కొలువు అడగబోతే 'మొగిలి కొడుకువైతే నీ సర్టిఫికెట్ల తోమాసు ఎవడు' అన్నరు. నేనిప్పుడు కాంట్రాక్టోని డంపర్ నడుపుతున్న. బాపు పేరు పోయె. నా కొలువు పోయె. ఈ ఇంట్ల రోజూ టైముకు పోయి టైముకు వచ్చే కొలువు నీదొక్కటే ఉండె. నువ్వు గూడ పేరు పంచిపెట్టినవ్. సంతల బెల్లం పంచినట్టు."

డెబోరాకు ఆ మాట తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది.

ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్.

"డెబోరాగారూ, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను. ఏమీ అనుకోకండి." గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "రేపటి కాగితం సిద్ధమైందా?"

"సార్, రాసిందెవలో నాకు తెల్వదు."

"తెలియకపోతే మీరే అనుకుంటారమ్మా అందరూ. మీ పేరే ఉంది కదా. నేను మీ మంచి కోరే చెబుతున్నాను. పిల్ల తెలిసీ తెలియక రాసిన అబద్ధం అని మీరు రాసిస్తే, నేను ఆఫీసులో మాట్లాడుకుంటాను."

"గోడ పగిలింది నిజమే గద సార్."

అవతల ఆయన చిన్నగా దగ్గాడు.

"చార్టు బాగుంది కదమ్మా" అన్నాడు తర్వాత.

"ఆ పిల్లకు ఏమైతది సార్?"

"అటువంటి పిల్లను బడిలో ఉంచుకోలేం కదా. టీసీ ఇచ్చి పంపించేస్తాం."

"పరీక్షలు వచ్చే నెల సార్. హాల్ టికెట్..."

"టీసీ తీసుకున్న పిల్లకు మన బడి హాల్ టికెట్ ఎట్లా ఇస్తుందమ్మా? రేపు పొద్దున కలుద్దాం."

ఫోన్ పెట్టేశాక డెబోరా ఆ మాటలన్నీ భర్తకు చెప్పింది. ఒక ఏడాది పోతుంది, ఆ ఏడాదిలో ఆ పిల్లను ఇంట్లో కూర్చోబెడతారు, కూర్చోబెట్టిన ఆడపిల్లను మళ్ళీ బడికి పంపేదెవరు అంది.

శాంతిరాజ్ పరదా వైపు, గోడ వైపు, ఎటో చూశాడు. అతను చెడ్డవాడు కాదు. అలిసిపోయినవాడు.

"మన పిల్ల కాదు గద" అన్నాడు చివరికి.

సాయమ్మ వంటింట్లో గరిటె తిప్పడం ఆపింది. తర్వాత మళ్ళీ తిప్పింది.

*

మామ తోమాసుకు అన్నం వాకిట్లో రేకుల పందిరి కిందికే తీసుకుపోవాలి. మంచం అక్కడే. గది లోపల ఊపిరాడదంటాడు. చెవులు మందగించి, ఇంట్లో జరిగే గొడవలు ఆయనకు సగమే చేరతాయి. అరిచింది వినబడుతుంది, ఎందుకన్నది వినబడదు.

డెబోరా పళ్ళెం పెట్టి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. లోపలికి పోబుద్ధి కాలేదు.

"వాడెందుకు మొత్తుకుంటుండు?"

"ఏం లేదు మామ. బడి ముచ్చట."

"నీ కొలువుకేమన్న ఫికరా?"

"లేదు. తినుండ్రి."

ఎండ నడినెత్తికి వచ్చింది. వేడికి పైన సిమెంటు రేకులు చిటుక్కుమన్నాయి. మళ్ళీ ఒకసారి, పొడుగ్గా, కిర్రుమని.

తోమాసు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి తలెత్తి చూశాడు. చెవులకు మనిషి మాట అందకపోయినా ఆ చప్పుడు అందింది.

"మాట్లాడుతున్నయ్" అన్నాడు.

డెబోరా చేతిలో నీళ్ళ చెంబు ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"ఏమన్నరు మామ?"

"ఆఁ?"

"ఇప్పుడేమన్నరు? రేకులు ఏం చేస్తున్నయ్?"

"మాట్లాడుతున్నయ్ అన్న. గనిల మా జట్టోళ్ళం అట్లనుకుంటుంటిమి. కప్పు పడేముందు సప్పుడు జేస్తది. ఆ సప్పుడు ఇనంగనే ఎవడో ఒకడు 'మాట్లాడుతున్నది, నడుండ్రి' అనేటోడు. మల్ల అడిగేది లేదు. ఉరుకుడే." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. "ఇంకో జట్టోళ్ళు గట్ల అనకపోదురు. అది మా నలుగురి మాటనే. వాళ్ళు ముగ్గురు పోయిరి. నేనే మిగిలిన."

"ఇంట్ల ఎప్పుడూ అనలేదు మీరు."

"ఇంట్ల ఎవలడిగిండ్రు? మీ అత్తకు గని పేరెత్తితేనే కోపమాయె." తర్వాత ఆయన ముఖం మీదికి ఒక నవ్వు వచ్చింది. పళ్ళు లేని, సంతోషపు నవ్వు. "పిల్ల అడిగింది. మన ఫెబా. మొన్న నా పక్కన కూసోని, 'తాతా, ఎవలికీ తెల్వని మాట ఒకటి చెప్పు' అన్నది. చెప్పిన. కంప్యూటర్ల రాస్త తాతా, గోదావరి అవతలోళ్ళు గూడ చదువుతరు అన్నది."

డెబోరా పైన రేకుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"రాసిందా మరి?" అడిగాడు ముసలాయన.

ఆమె గొంతు సవరించుకుంది. ఆయనకు వినబడాలంటే గట్టిగా చెప్పాలి. గట్టిగా చెబితే ఇంట్లో వాళ్ళకూ వినబడుతుంది.

తల మాత్రం ఊపింది.

*

ఫెబా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. సోషల్ పుస్తకం బోర్లా పడి ఉంది. డెబోరా వెనక పరదా సరిగా లాగి, మంచం అంచున కూర్చుంది.

"తాతతో మాట్లాడిన" అంది మెల్లగా.

వీపు కదల్లేదు.

"గోడ మాట్లాడుడంటే ఏందో ఇప్పుడే తెలిసింది నాకు."

వీపు కదిలింది. ఫెబా లేచి కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తలనొప్పి అబద్ధం కాదు, ఏడ్చి ఏడ్చి నిజంగానే వచ్చింది.

"మమ్మీ, డాడీకి చెప్తవా?"

"ముందుగాల్ల నాకు చెప్పు. ఎందుకు రాసినవ్?"

"చూసింది రాయుండ్రి, ఇన్నది రాయుండ్రి అన్నది నువ్వే గద."

"కింద పేరు పెట్టుండ్రి అన్నది గూడ నేనే."

"పెట్టనీకే పోయిన. 'ఫె' అని పెడితే లైబ్రరీ టీచర్ బిడ్డ రాసిందంటరు. నువ్వు రాయించినవంటరు. అందుకే పెట్టలే." ముక్కు ఎగబీల్చింది. "పెట్టకుంటే ఎవలో రాసిండ్రు అనుకుంటరు అనుకున్న. అందరం డెబోరానే గద. అందరి పేరు ఒక్కటే ఉంటే ఎవలనూ పట్టుకోరు అనుకున్న."

డెబోరా కళ్ళు మూసుకుంది. పదిహేనేళ్ళ పిల్ల వేసిన లెక్క. తన మామ వేసిన లెక్క కూడా ఇదే అయ్యుంటుంది, మొగిలి పేరు పిలిచినప్పుడు ముందుకు అడుగేసిన పొద్దున.

"షబీనా ఎట్లొచ్చింది మధ్యల?"

"నేను రాసి లేచిన. తను వచ్చి కూసున్నది, తన మాట రాసుకుంటందుకు. అప్పుడే ప్యూన్ సదయ్య గంట కొట్టిండు. అందరూ తననే చూసిండ్రు."

"షబీనాకు తెలుసా నువ్వు రాసినవని?"

ఫెబా దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"ఫెబా."

"కుర్చీల కూసోంగనే చదివింది. నవ్వింది. 'మస్తు రాసినవే' అన్నది."

"శుక్రవారం నుంచి ఆ పిల్లను ప్రిన్సిపాల్ రూమ్ ముంగట నిలబెడుతున్నరు. నువ్వు చూసుకుంట పోయినవా?"

"మమ్మీ, తను ఒక్కమాట గూడ చెప్పలే. నా పేరు చెప్పలే." ఫెబా దుప్పటితో ముఖం తుడుచుకుంది. "చెప్తదేమో అని చూసిన. చెప్తే అయిపోతుండె."

"నువ్వు చెప్తే గూడ అయిపోతుండె."

"నా హాల్ టికెట్?"

ఇందాక ఇదే మాట డెబోరా ఫోన్‌లో అడిగింది. ఎవరో పిల్ల కోసం అనుకుని అడిగింది. అప్పుడు గొంతు ఎంత గట్టిగా వచ్చింది! రెండు రోజుల నుంచి ఇంట్లో అందరి ముందూ 'చూడనిది చెప్పను' అని నిలబడింది. న్యాయం అనుకుంది. ఇప్పుడు అదే మాట మీద నిలబడితే అది న్యాయమా, తన పిల్లను దాచుకోవడమా? మాట మారలేదు. తను నిలబడ్డ చోటు మారిపోయింది.

"రేపు నేనే రాసిన అని రాసిస్త" అంది చివరికి. "కొలువు పోతే పోనీ."

"డాడీ?"

బయట గేటు కిర్రుమంది.

*

"సాయమ్మా, ఉన్నవా?"

షబీనా నానమ్మ లతీఫున్నీసా. బుర్ఖా కొంగు వెనక్కి వేసుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో మనవరాలి మణికట్టు పట్టుకుని వచ్చింది. ఎండకు ఇద్దరి ముఖాలూ కమిలిపోయి ఉన్నాయి.

"రా లతీఫక్కా. గింత ఎండల నడుసుకుంట వస్తరా?" సాయమ్మ చెయ్యి కడుక్కుని కుర్చీ జరిపింది. "కూసో. అన్నం కూర అయినయ్. తిని పోదురు."

"తినే పరిస్థితి లేదు అమ్మా. వచ్చిన పని అయితే చాలు." కూర్చోకుండానే డెబోరా వైపు తిరిగింది. "టీచరమ్మా, మా పిల్ల ఒప్పుకుంటది. కాయితం తియ్యి."

డెబోరా పరదా దగ్గరే నిలబడిపోయింది.

"ఏం ఒప్పుకుంటది?"

"చెప్పు" అంది ముసలమ్మ, మనవరాలిని ముందుకు తోసి. "దారి పొడుగునా చెప్పినవ్ గద నాకు. ఈడ చెప్పు."

షబీనా నేల వైపు చూస్తూ అంది. "నేనే రాసిన టీచర్."

శాంతిరాజ్ పెద్దగా ఊపిరి వదిలాడు. గదిలో అందరికీ వినబడింది.

"పొద్దున ప్రిన్సిపాల్ సారు వసీంను పిలిపించిండు" లతీఫున్నీసా చెప్పుకుపోతోంది. "ఒప్పుకుంటే మాఫ్ చేస్త అన్నడు. చిన్నపిల్ల, తెల్వక రాసింది, పర్వాలేదు అన్నడు. హాల్ టికెట్ చేతికిస్త, ఫికర్ చెయ్యకు అన్నడు. ఒప్పుకోకుంటే మాత్రం చూడు అన్నడట. వసీం ఇంటికొచ్చి గోడకు తల కొట్టుకుండు. ఇగ పిల్ల అన్నది, 'దాదీ, నేనే రాసిన అని చెప్తా, జల్ది నడు' అన్నది."

"షబీనా, ఇటు చూడు" అంది డెబోరా. "గోడ మాట్లాడుడంటే ఏంది బేటా?"

పిల్ల తలెత్తింది. కళ్ళు ఒక్క క్షణం డెబోరా భుజం మీదుగా పరదా వైపు పోయి, వెనక్కి వచ్చాయి.

"గోడలు... గోడలు మాట్లాడ్తయ్ గద టీచర్. అప్పుడప్పుడు."

"గదేం ప్రశ్ననే?" శాంతిరాజ్ అప్పటికే గ్లాసు తీసి పక్కన పెట్టాడు. కాగితం మీది తడిని అరచేత్తో తుడిచాడు. జేబులోంచి పెన్ను తీశాడు. అతని కదలికల్లో ఎన్నాళ్ళుగానో లేని ఉత్సాహం ఉంది. "పిల్ల తనంత తానుగ ఒప్పుకుంటుంటే పరీక్ష పెడ్తవా? కూసో బిడ్డా. ఇగో, ఈడ రాయి. లైబ్రరీల ఆ మాటలు రాసింది నేనే అని రాయి. కింద పేరు పెట్టు."

షబీనా కుర్చీ అంచున కూర్చుని పెన్ను పట్టుకుంది. అలవాటు కొద్దీ అడిగింది.

"టీచర్, పేరు నాదే పెట్టాల్నా?"

ఎవరూ నవ్వలేదు.

వాకిట్లో మంచం కిర్రుమంది. తోమాసు గడప పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయనకు ఎంత వినబడిందో ఎవరికీ తెలియదు. బల్లనూ కాగితాన్నీ పిల్ల చేతిలో పెన్నునూ చూశాడు. చూసిన దానితోనే సరిపోయినట్టుంది.

"రాయకు బిడ్డా" అన్నాడు.

"బాపు, నువ్వు పోయి పండుకో."

"ఒక్కపారి పేరు మీదెక్కిందంటే దిగదు." ఆయన కొడుకు వైపు చూడలేదు. "ఇప్పటికీ బజార్ల ఎవలన్న మొగిలీ అంటే గిరుక్కున మర్లుత. తోమాసు అంటే ఎవల్నో పిలుస్తున్నరనుకుంట. రాయకు."

షబీనా పెన్ను కాగితం మీద ఆగింది. ఆమె చూపు నానమ్మ వైపు, టీచర్ వైపు తిరిగింది.

"ఈ ముసలాయన ఏమంటుండు సాయమ్మా?" లతీఫున్నీసా గొంతులో భయం మొదలైంది. "రాయనియ్యుండ్రి. సారు మాటిచ్చిండు."

ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. డెబోరాకు ఆ సంగతి తెలుసు. ఆ పిల్ల రాస్తుంది. కొలువు ఉంటుంది. ఫెబా పరీక్ష రాస్తుంది. శాంతిరాజ్ ఇవాళ నిమ్మళంగా అన్నం తింటాడు. ఎవరూ తనను ఏమీ అడగరు. ఊరుకోవడం ఒక్కటే చెయ్యాల్సింది. ఈ ఇంట్లో అందరికీ అలవాటైన పనే.

"సారు మీతో ఒకటి చెప్పిండు" అంది డెబోరా. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "నాతో ఇంకొకటి చెప్పిండు. రాసిన పిల్లకు టీసీ ఇస్తడు లతీఫమ్మా. హాల్ టికెట్ ఇయ్యడు. ఇందాకనే ఫోన్ల నాతోని అన్నడు."

"డెబోరా!" అన్నాడు శాంతిరాజ్.

లతీఫున్నీసా అప్పుడు కూర్చుంది. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూలబడింది. కొంచెంసేపటికి చెయ్యి చాపి, మనవరాలి వేళ్ళ మధ్య నుంచి పెన్ను తీసుకుంది. పెన్నును ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉంది.

"మా పిల్ల రాయలేదని నీకు తెలుసు" అంది. అడగలేదు. చెప్పింది.

డెబోరా కాగితం వైపు చూసింది.

"తెలుసు గనకనే ఆపినవ్. నీకు తెలుసు." ముసలమ్మ తలెత్తింది. "నా పిల్ల రాయకుంటే మరి ఎవలు రాసిండ్రు టీచరమ్మా?"

శాంతిరాజ్ భార్యను చూస్తున్నాడు. సాయమ్మ వంటింటి గడపలో తడి చేతులతో నిలబడి చూస్తోంది. తోమాసు గడప పట్టుకునే ఉన్నాడు. షబీనా ఒక్కతే డెబోరాను చూడటం లేదు. ఆమె పరదా కిందికి చూస్తోంది.

డెబోరా కూడా అటే చూసింది.

పరదా నేలకు కొంచెం పైనే ఆగిపోతుంది. దాని కింద రెండు పాదాలు కనిపిస్తున్నాయి. బొటనవేళ్ళు ఇటు తిరిగి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉన్నాయో.

రేకులు మళ్ళీ చిటుక్కుమన్నాయి.

ఒక అడుగు, అనుకుంది డెబోరా. ఒక్క అడుగు ముందుకు వెయ్యి తల్లీ, నేను చెప్పేలోపల.

ఆ పాదాలు కదిలాయి. వెనక్కి.